పెయిడ్ బ్యాచ్ అన్నా సరే, లోకల్ రాజకీయం నెట్లో ఎట్లా రాయాలంటే

మా అనంతపురంలో ఏ పార్టీ వాళ్లనైనా గమనించండి, ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ నెట్లో రాసే మనం ప్రజాస్వామ్యానికి ఊపిరి, గెలిచిన మర్నాటి నుంచి మనమే పెయిడ్ బ్యాచ్, ఊరూ పేరూ లేనోళ్లం, ఫోన్ పట్టుకున్న ప్రతోడూ జర్నలిస్టేనా అని మైకులో క్లాసు. కానీ ఒకటి ఒప్పుకోవాల, వాళ్లనే దాంట్లో సగం నిజముంది. ఆ సగం మనకి అంటకుండా రాయడమెట్లా అన్నదే ఇక్కడ చెప్తా, నేను దెబ్బ తిని నేర్చుకున్నదే.

రెండేళ్ల కింద మా కాలనీలో మురిక్కాలవ కట్టినారు, ఆరు నెలలకే ఒక పక్క గోడ కూలిపోయింది. రాత్రి పదకొండుకి కోపంగా కూర్చుని "18 లక్షలు మింగేసినారు" అని రాసేసినా. ఆ 18 యాడిదంటే టీకొట్టు కాడ ఎవరో అన్న మాట. పొద్దున్నే లీడర్ మనిషి ఫోను, "ఏమప్పా, 18 లక్షలని నీకెవరు చెప్పినారు, కాగితముందా?" లేదు. తర్వాత చూస్తే ఎస్టిమేటే 11 లక్షలు. ఇంకేముంది, గోడ కూలిన సంగతి గాలికి పోయి ఊరంతా నా 18 గురించే మాట్లాడుకున్నారు.

అందుకే ముందు కాగితం, తర్వాతే కీబోర్డు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, తెల్లకాగితం మీద రాసినా చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకు కావాలి అని వాళ్లు అడగకూడదు, అడిగినా మీరు చెప్పాల్సిన పన్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పైఅధికారికి అప్పీలు, అక్కడా పని కాకపోతే సమాచార కమిషన్. ఇక్కడ చాలామంది చేసే తప్పేంటంటే "కాలవ పని వివరాలు ఇవ్వండి" అని గాలిగా రాస్తారు, వాళ్లూ గాలిగానే ఒక ముక్క పంపిస్తారు. పేరు పెట్టి అడగాల: ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం బుక్ కాపీ, బిల్లు ఏ తేదీన పాసయింది. ఎం బుక్ అంటే పని చూసే ఇంజనీరు (ఏఈ) కొలతలు రాసే పుస్తకం, కథంతా దాంట్లోనే ఉంటుంది. ఇంకో సంగతి, అదే చట్టం కింద పనిని వెళ్లి చూడొచ్చు, సిమెంటు శాంపిలు కూడా అడగొచ్చు, ఇది మాత్రం ఎవరూ వాడుకోరు ఎందుకో.

నాకు ఎం బుక్ వచ్చినాక దాంట్లో గోడ మందం 15 సెంటీమీటర్లని ఉంది, కూలిన ముక్క మీద టేపు పెడితే 10 కూడా రాలేదు. టేపుతో సహా ఫోటో తీసి, పక్కన ఎం బుక్ పేజీ పెట్టి, ఆ రెండు నంబర్లే రాసినా, మింగేసినారు అన్న మాట రాయలా. అది చదివేటోడు అనుకోవాల, మనం కాదు.

లీడర్ల ఆస్తులు, కేసులు రాయాలంటే ఎలక్షన్ కమిషన్ సైటులో వాళ్లు నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్టే ఉంటుంది, వాళ్ల సంతకంతో. కాకపోతే "కేసు ఉంది" వేరు, "శిక్ష పడింది" వేరు, ఈ రెండూ కలిపేస్తే మీరే ఇరుక్కుంటారు.

భయం సంగతికొస్తే, నెట్లో రాసిన దానికి కేసు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, దాని పేరు చెప్పి బెదిరిస్తే నవ్వి ఊరుకోండి. పరువు నష్టం ఇప్పుడు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356 సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష ఉంది కానీ పోలీసులు దానికి నేరుగా ఎఫ్ఐఆర్ కట్టలేరు, పరువు పోయిందన్న మనిషే కోర్టుకి పోవాల. ప్రజల మంచి కోసం రాసిన నిజం పరువు నష్టం కిందికి రాదు, కాకపోతే నిజమని చూపించాల్సింది మనమే, మళ్లీ కాగితమే దిక్కు. స్టేషన్ నుంచి నోటీసొస్తే మాత్రం దాక్కోవద్దు, లాయర్‌ని పెట్టుకుని పోండి, వాట్సాప్‌లో పంపే నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కులం, మతం, లీడర్ ఇంట్లో ఆడవాళ్లు, వీటి జోలికి పోతే నేనూ మీ వైపు ఉండను.

పేరు పెట్టుకుని రాయండి. మన కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి 1908లో స్వరాజ్య పత్రికలో రాతకి మూడేళ్ల జైలు పడింది, మనకి ఎక్కువగా వచ్చేది ఫోన్ కాలే. గవర్నమెంటు ఉద్యోగులైతే కండక్ట్ రూల్స్ ఉంటాయి, అది చూసుకోండి.

పోస్టు చేసేముందు ఆ లీడర్‌కో ఆఫీసుకో ఫోన్ చేసి మీరేమంటారని అడగండి, ఒక రోజు ఆగండి, చెప్పింది చెప్పినట్టే వేయండి, ఎత్తకపోతే ఎత్తలేదని వేయండి. తప్పు రాస్తే డిలీట్ చేసి జారుకోవద్దు. నా పాత పోస్టు ఇప్పటికీ ఉంది, పైన "18 అని తప్పు రాసినా, ఎస్టిమేటు 11 లక్షలు" అని పెట్టినా.

అది చూసి ఆ లీడర్ మనిషే మళ్లీ ఫోన్ చేసినాడు, ఇప్పుడు బాగుందప్పా అన్నాడు. సరే గోడ ఎప్పుడు కడ్తారన్నా అంటే ఫోను పెట్టేసినాడు. అగ్రిమెంట్లో డిఫెక్ట్ లయబిలిటీ అని ఒకటుంటుంది, ఆ గడువులో పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాల. మా కాలవకి ఆ గడువు ఏ తేదీతో అయిపోతుందో చెప్పమని సోమవారం ఇంకో దరఖాస్తు ఇచ్చొచ్చినా.