పాత కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: కూలిపోయిన గదిని పట్టుకోవడం

గత పాఠంలో ఒక చర్చికి తూర్పు ఎటో, పడమర ఎటో పోల్చుకోవడం చూశాం. ఈసారి ఏకంగా ఒక మఠాన్నే చదువుదాం. ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో, మోంబార్ ఊరికి దగ్గర్లో ఉన్న ఫోంతెనే మఠం ఇది. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ చిత్రం పెట్టుకుని నాతో రండి.

కథ క్లుప్తంగా: 1118లో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ దీన్ని స్థాపించాడు. ఇక్కడి సన్యాసులు సిస్టెర్షియన్లు, అంటే నిరాడంబరత పాటించే ఒక క్రైస్తవ సన్యాసి శాఖవాళ్లు. చర్చి కట్టడానికి డబ్బు పెట్టింది ఇంగ్లండ్‌లో నార్విచ్ బిషప్‌గా ఉండి వచ్చిన ఎబ్రార్డ్. 1147లో పోప్ మూడో యూజీనియస్ చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగింది.

ఇప్పుడు పైనుంచి చూడండి. సిలువ ఆకారంలో ఉన్న పెద్ద కప్పు చర్చిది. పొడవు సుమారు 66 మీటర్లు. రాతి గంటగోపురం కోసం వెతక్కండి, ఉండదు. ఆడంబరమని ఆ శాఖవాళ్లు వద్దనుకున్నారు. లోపల నడిమి భాగానికి పైన సొంత కిటికీలు కూడా లేవు. వెలుతురంతా పక్క నడవాల్లోంచి, ఆ చివర ఈ చివర ఉన్న కిటికీల్లోంచి రావాల్సిందే.

చర్చిని ఆనుకుని దక్షిణాన చతురస్రం లాంటి ఖాళీ ఉందా? అదే క్లోయిస్టర్. మన మండువా ఇంట్లోలాగే నడుమ ఆకాశం, చుట్టూ కప్పున్న నడవా. తూర్పు వైపు కింద సభాగది, పైన అందరూ వరసగా పడుకునే హాలు. ఆ పడకహాలు నుంచి మెట్లు నేరుగా చర్చిలోకే దిగుతాయి. నడిరాత్రి ప్రార్థనకు లేచినవాళ్లు చలిలో బయటికి రాకుండా అటే దిగేవాళ్లు. పై గది దేనికో తెలియకపోతే మెట్లు ఎక్కడికి దిగుతున్నాయో చూడండి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఇక అసలు పాఠం. సిస్టెర్షియన్ మఠాల్లో భోజనశాల దాదాపు ఎప్పుడూ చర్చికి ఎదురుగా, క్లోయిస్టర్‌కు అవతలి వైపు ఉంటుంది. ఫోంతెనేలో ఆ వైపు చూస్తే పెద్ద భోజనశాల కనిపించదు. 18వ శతాబ్దంలో కూల్చేశారు. అంతకు చాలాకాలం ముందే రాజు నియమించిన మఠాధిపతులు వచ్చి రాబడి తీసుకోవడం మొదలైంది. సన్యాసులు తగ్గిపోయారు, భవనాల బాగోగులు చూసే దిక్కు లేకపోయింది. ప్లాన్ తెలిస్తే లేని గది కూడా ఇలా తన చోటు చెబుతుంది.

దక్షిణం అంచున, నీటి పక్కన పొడవాటి కట్టడం చూశారా? 50 మీటర్లు దాటిన ఆ షెడ్డు ఇనుము కొట్టే కొలిమి. వాగు నీటిని మళ్లించి చక్రం తిప్పి, దాంతో సుత్తి ఆడించేవాళ్లు. నిప్పూ చప్పుడూ ఉన్న పని కాబట్టి చర్చికి ఎడంగా పెట్టారు. నాకైతే చర్చి కన్నా ఇదే ఇష్టం.

ఒక హెచ్చరిక. ఫ్రెంచి విప్లవంలో మఠాన్ని అమ్మేస్తే కాగితం మిల్లు అయింది. వేడిగాలి బెలూన్ ఎగరేసిన మోంగోల్ఫియే కుటుంబం చేతికీ వచ్చింది. మిల్లుకు కప్పులూ నీళ్లూ కావాలి కాబట్టి గోడలు బతికాయి. అదే బుర్గుండీలో క్లూనీ మహాచర్చిని రాళ్ల కోసం పగలగొట్టేశారు. 1906లో ఎదువార్ ఎనార్ అనే బ్యాంకర్ ఫోంతెనేను కొని, మిల్లు షెడ్లు తీయించి బాగు చేయించాడు. అంటే ఇవాళ మనం మెచ్చుకునే ఆ శుభ్రత, ఆ ఖాళీ అంతా 12వ శతాబ్దానిదే అనుకోకండి. అందులో 20వ శతాబ్దం వాటా బాగానే ఉంది.

ఇంటిపని: ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ల తొరోనే మఠాన్ని మ్యాప్‌లో తెరవండి. అక్కడ క్లోయిస్టర్ చర్చికి ఏ వైపు ఉంది? భోజనశాల అక్కడా పోయింది. అది ఉండాల్సిన చోట వేలు పెట్టండి. భోజనానికి ముందు చేతులు కడుక్కునే ఆరు పలకల నీటిమండపం మాత్రం ఇంకా నిలిచే ఉంది, దాన్ని పట్టుకుంటే తేలిక.