ఎండలు ముదరకముందే మీ డెస్క్‌టాప్‌ను పరీక్షించుకోండి

జనవరిలో గంటల తరబడి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చడం) చేసినా కిక్కురుమనని కంప్యూటర్, ఏప్రిల్ చివర్లో ఓ మధ్యాహ్నం పని మధ్యలో టక్కున ఆరిపోతుంది. కంప్యూటర్ పాడైందని కంగారుపడతాం గానీ, చాలాసార్లు మారింది గది వేడి ఒక్కటే. ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతున్నప్పుడు గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. 22 డిగ్రీల గదిలో 80 దగ్గర ఆగిన ప్రాసెసర్, 38 డిగ్రీల గదిలో 96కి చేరుతుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5800ఎక్స్‌కు 90, రైజెన్ 7700ఎక్స్‌కు 95. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసేవారికి పని మీద పడేదీ, పిల్లలకు సెలవులిచ్చి ఆటలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. అందుకే పరీక్ష మార్చి మొదట్లోనే పెట్టుకోవాలి. లోపలి ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ఉంచి, మీరు రోజూ చేసే బరువైన పనినే అరగంట నడపండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతలు, ఆ సమయంలో గది ఉష్ణోగ్రత కాగితం మీద రాసుకోండి. గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను మే నెల గది వేడికి కలిపి చూస్తే, యంత్రం వేసవి గట్టెక్కుతుందో లేదో ముందే తెలిసిపోతుంది.

ఇప్పటికే ఆగిపోతున్న యంత్రమైతే, ఎలా ఆగుతోందో గమనించకుండా ఒక్క భాగం కూడా మార్చవద్దు. ఉష్ణోగ్రత పరిమితిని తాకాక వేగం పడిపోయి, కాసేపటికి ఆరిపోతే అది వేడి సమస్య. ఉష్ణోగ్రతలు బాగానే ఉండి, పని బరువు పడిన క్షణంలోనే ఆరిపోతే ముందుగా ఎస్‌ఎమ్‌పీఎస్‌ను (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) అనుమానించాలి. విండోస్ లోపం చూపే నీలి తెర వస్తే ర్యామ్, డ్రైవర్లు, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను మామూలుకన్నా వేగంగా నడపడం) సెట్టింగులు చూడాలి. రాత్రి పడుకునే ముందు పెన్‌డ్రైవ్‌తో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి వదిలేస్తే ర్యామ్ సంగతి తెల్లారేసరికి తేలుతుంది. జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నెల్-పవర్ 41’ అనే నమోదును చూపించి ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిందని ఎవరైనా చెబితే నమ్మేయకండి. యంత్రం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. కారణం అందులో ఉండదు.

ఇక దుమ్ము. పక్క ప్యానెల్ తీసి చూసి ‘లోపల శుభ్రంగానే ఉంది’ అనుకునేవారు చాలామంది. అసలు దుమ్ము పైకి కనిపించదు. ప్రాసెసర్ కూలర్ మీది ఫ్యాన్‌ను విప్పితే, ఫ్యాన్‌కూ అల్యూమినియం రేకులకూ మధ్య కంబళి ముక్కలా పేరుకున్న బూడిదరంగు పొర కనిపిస్తుంది. గోటితో ఎత్తితే ఒకే పెచ్చుగా లేచి వస్తుంది. ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా ఆ పొరను దాటి గాలి రేకుల్లోకి వెళ్లదు. రోడ్డు పక్క ఇళ్లలో, చుట్టుపక్కల నిర్మాణాలు జరిగే కాలనీల్లో ఇది మూడు నాలుగు నెలల్లోనే తయారవుతుంది.

శుభ్రం చేసే ముందు ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. బాల్కనీలోకి తీసుకెళ్లి మెత్తని బ్రష్షుతో, చేతి బ్లోయర్‌తో దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అవి అతివేగంగా తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి వద్దే వద్దు. అందులో నీటి తుంపర, నూనె కలిసి వస్తాయి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. బయటి నుంచే ఊదండి.

ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి వదులైనా కూలర్ ఓ పక్కకు ఒరిగి ఉష్ణోగ్రత అమాంతం పెరుగుతుంది. ఒక్కొక్కదాన్నీ వేలితో కదిపి చూడండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు వేసి ఏళ్లు గడిచి ఉంటే పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయండి. మామూలు ప్రాసెసర్‌కు మధ్యలో బఠాణీ గింజంత చాలు. ఏఎమ్4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ అయితే కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగవద్దు. ఎండిన పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయాలి.

ఎంత శుభ్రం చేసినా, క్యాబినెట్‌ను తలుపులున్న చెక్క అరలో పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. వెనక జానెడైనా ఖాళీ ఉండాలి. పక్క ప్యానెల్ తీసి నడిపినప్పుడు ఉష్ణోగ్రత బాగా తగ్గితే లోపం గాలి రాకపోకల్లో ఉన్నట్టు. ముందు ఫ్యాన్లు లోపలికి, వెనకవి, పైవి బయటికి ఊదుతున్నాయో లేదో చూడండి. ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పే అలవాటు మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది, దయచేసి మానండి. బోరు నీళ్ల తుంపర ఆరిపోయాక తెల్లటి ఉప్పు పొడి మిగులుతుంది. అది తేమతో కలిసి బోర్డు మీద చేరితే తుప్పు మొదలవుతుంది. పై అంతస్తు గదుల్లో స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది కాబట్టి, పెద్ద రెండరింగ్‌ను తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.

సాయంత్రం ఈదురుగాలులు వీచి కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆరిపోతోందా? 600 వీఏ యూపీఎస్‌లలో చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి పూర్తి బరువు మీద ఉంటే అది సరిపోదు. ఎయిర్ కూలర్‌నూ కంప్యూటర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టవద్దు. క్యాబినెట్ తాకితే జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

13, 14వ తరం ఇంటెల్ కోర్ ఐ7, ఐ9 వాడేవారికి ఒక మాట. ఉష్ణోగ్రతలు బాగున్నా అవి బరువు మీద కుప్పకూలడానికి అధిక వోల్టేజీ కారణమని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మూల ప్రోగ్రామ్) నవీకరణల ద్వారా సవరణలు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. బయాస్ వెంటనే నవీకరించుకోండి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను నవీకరణ బాగుచేయలేదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాల్సిందే.

ఇవన్నీ చేసినా ఉష్ణోగ్రత దిగకపోతే, విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి తగ్గిస్తే టర్బో వేగం (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి తనంతట తానే పెంచుకునే వేగం) ఆగి వేడి తగ్గుతుంది. పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, దగ్గరి దుకాణానికో తీసుకెళ్లాల్సి వస్తే ముందు మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. మీరు రాసుకున్న ఉష్ణోగ్రతల కాగితం వెంట తీసుకెళ్లండి. బాగుచేశాక విండోస్ తెరుచుకోవడం చూపించి పంపేస్తే ఒప్పుకోకండి. అక్కడే, మీ కళ్ల ముందే, అరగంట పూర్తి బరువు మీద నడిపించి చూశాకే డబ్బులు ఇవ్వండి.