ఇంగ్లిష్ స్వయంబోధిని, 17వ పాఠం: ఒక్కటే, రెండు పనులకు

ముందుగా క్రిందటి పాఠంలోని అభ్యాసం సంగతి. అయిదు వాక్యాల్లో మూడోది కష్టమైనది: "ఈ గదిని ఒకప్పుడు ధాన్యం కొట్టుగా వాడేవారు." జవాబు ఇది: 'దిస్ రూమ్ యూజ్డ్ టు బి యూజ్డ్ యాజ్ ఎ గ్రెయిన్ స్టోర్.' మొదటి 'యూజ్డ్' పాత అలవాటును చెబుతుంది, రెండోది వాడకాన్ని. ఒకే మాట పక్కపక్కనే రెండుసార్లు రావడంతో ఏదో తప్పు జరిగిందనిపించి ఒకదాన్ని కొట్టేసి ఉంటే, మళ్లీ రాసుకోండి. రెండూ ఉండాలి.

ఆ వాక్యంలోని 'యాజ్' అనే చిన్న మాట మీదే ఈ పాఠమంతా నిలబడుతుంది. ఒక వస్తువుకు గాని, మనిషికి గాని ఒకటి కంటే ఎక్కువ పాత్రలు ఉన్నప్పుడు ఇంగ్లిష్ వాళ్లు దాన్ని ఎలా చెబుతారో చూద్దాం.

మన 'గా' ప్రత్యయంతో మొదలుపెడదాం. "అతను డ్రైవరుగా పని చేస్తాడు", "అతను జాగ్రత్తగా నడుపుతాడు". రెండు చోట్లా 'గా' ఉంది. మొదటి 'గా' ఉద్యోగాన్ని చెబుతుంది, రెండోది తీరును. మనకు ఒకే ప్రత్యయం రెండు పనులూ చేసిపెడుతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఉద్యోగమైతే 'యాజ్ ఎ డ్రైవర్', తీరైతే 'కేర్‌ఫుల్లీ'. ఇక "మాస్టారులా మాట్లాడతాడు" అన్నప్పుడు అతను మాస్టారు కాడు, పోలిక మాత్రమే. అక్కడ 'లైక్ ఎ టీచర్' అనాలి. 'గా'కు 'యాజ్', 'లా'కు 'లైక్' అని గుర్తు పెట్టుకోండి. ఉద్యోగ దరఖాస్తులో 'ఐ వర్క్‌డ్ లైక్ ఎ టీచర్' అని రాస్తే, తాను టీచరును కానని అభ్యర్థి తన చేత్తో తానే రాసినట్టు అవుతుంది. నా దగ్గరకు దిద్దమని వచ్చే కాగితాల్లో నేను ఎక్కువసార్లు సరిచేసే తప్పు ఇదే.

ఇప్పుడు అసలు క్రియకు వద్దాం: 'డబుల్ యాజ్'. 'ది సోఫా డబుల్స్ యాజ్ ఎ బెడ్.' సోఫా మంచంగా కూడా పనికొస్తుంది. ఇందులో 'కూడా' అనే మాట విడిగా కనబడదు, 'డబుల్స్'లోనే కలిసిపోయింది. కాబట్టి దాని పక్కన 'ఆల్సో' చేర్చనక్కర్లేదు.

ఈ వాక్యాన్ని తిప్పి చూడండి: 'ది బెడ్ డబుల్స్ యాజ్ ఎ సోఫా.' వస్తువు అదే కావచ్చు, కాని వాక్యం చెప్పేది మారిపోయింది. మొదటి ఇంట్లో అది హాల్లో ఉంటుంది, చుట్టాలు వచ్చిన రాత్రి మంచమవుతుంది. రెండో ఇంట్లో అది పడుకునే మంచం, పగలు దాని మీద కూర్చుంటారు. అసలు పాత్ర కర్త స్థానంలో ముందు వస్తుంది, అదనపు పాత్ర 'యాజ్' తర్వాత వస్తుంది. తెలుగులో "అది సోఫా, మంచం రెండూను" అని రెండింటినీ సమానంగా తూచేస్తాం. ఇంగ్లిష్‌లో ఈ క్రియ వాడాలంటే ఏది అసలు, ఏది అదనం అన్నది వాక్యం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. 1940 సెప్టెంబరు నుంచి 1941 మే వరకు లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపించాయి. జనం రాత్రిళ్లు భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకున్నారు. పగలు రైళ్లు యథాప్రకారం నడిచేవి, రాత్రి ప్లాట్‌ఫారాల మీద కుటుంబాలు పక్కలు పరుచుకునేవి. కనుక 'ది స్టేషన్స్ డబుల్డ్ యాజ్ షెల్టర్స్' అనడం సరైన వాడకం. స్టేషన్ స్టేషనుగానే ఉంది, పైగా ఆశ్రయం కూడా అయింది. ఆల్డ్‌విచ్ స్టేషన్ కథ వేరు. 1940లో అక్కడ రైళ్లు పూర్తిగా ఆపేసి దాన్ని ఆశ్రయంగా మార్చారు. బ్రిటిష్ మ్యూజియం శిల్పాలను కూడా అక్కడి సొరంగంలోనే దాచారు. 1946లో గాని మళ్లీ రైలు నడవలేదు. ఆ స్టేషన్ గురించి 'డబుల్డ్ యాజ్' అనలేం, పాత పాత్ర అప్పుడు లేదు కాబట్టి. 'ఇట్ వజ్ టర్న్‌డ్ ఇంటు ఎ షెల్టర్' అనాలి. పాత పాత్ర నిలిచి ఉంటేనే 'డబుల్', పోతే 'టర్న్ ఇంటు'.

'యాజ్' స్థానంలో 'ఫర్' వస్తే అర్థం సినిమా వైపు వెళ్తుంది. 'టొరంటో డబుల్స్ ఫర్ న్యూయార్క్' అంటే కథ న్యూయార్క్‌లో జరుగుతుంది, చిత్రీకరణ మాత్రం కెనడాలోని టొరంటోలో జరిగింది అని. ఒక ఊరు మరో ఊరి వేషం వేసిందన్నమాట.

సినిమా మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ద్విపాత్రాభినయాన్ని మనవాళ్లు 'డబుల్ యాక్షన్' అంటారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి ఆ మాట వినగానే తుపాకీ గుర్తొస్తుంది, అది ఒక రకం రివాల్వర్ పేరు. వాళ్లు 'డ్యూయల్ రోల్' అంటారు, లేదా 'హి ప్లేస్ బోత్ బ్రదర్స్' అని తేలిగ్గా చెబుతారు. హీరో బదులు దూకే మనిషిని మనం 'డూప్' అంటాం. ఇంగ్లిష్‌లో ఆ మాటకు మోసపోయిన అమాయకుడని అర్థం. పోరాట దృశ్యాల్లో దూకేవాడు 'స్టంట్ డబుల్'. 1977లో ఎన్.టి. రామారావు ఒకే పౌరాణిక చిత్రంలో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు వేషాలు మూడూ వేసి, దర్శకత్వం కూడా తానే వహించారు. దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు వేషాలకు 'ప్లేడ్', దర్శకత్వానికి 'డైరెక్టెడ్' అని రెండు క్రియలు పెట్టాలి. 'హి ప్లేడ్ త్రీ రోల్స్ అండ్ ఆల్సో డైరెక్టెడ్ ది ఫిల్మ్.' నాలుగింటినీ 'ప్లేడ్' కిందకే తెస్తే దర్శకుడు కూడా కథలో ఒక పాత్ర అనిపిస్తుంది.

మనుషుల బాధ్యతల గురించి చెప్పేటప్పుడు ఇంగ్లిష్ వాళ్లకు టోపీ గుర్తొస్తుంది. 'షి వేర్స్ టూ హ్యాట్స్' అంటే ఆమెకు రెండు బాధ్యతలు ఉన్నాయని. ఐరోపా సమాఖ్యలో 2009 నుంచి విదేశాంగ వ్యవహారాల ఉన్నత ప్రతినిధే ఐరోపా కమిషన్‌కు ఉపాధ్యక్షులు కూడా. ఆ ఏర్పాటును అక్కడివారు 'డబుల్-హ్యాటెడ్' అంటారు. విదేశాల్లో తెలుగు సంఘాల సమావేశాలకు వెళ్లేవారికి ఇంకో వాడకం బాగా పనికొస్తుంది: 'విత్ మై ట్రెజరర్స్ హ్యాట్ ఆన్'. "కోశాధికారిగా చెబుతున్నాను, స్నేహితుడిగా కాదు" అని స్పష్టం చేసే మర్యాదైన మార్గం ఇది.

రాజ్యాంగ పదవుల దగ్గర టోపీలు, డబుళ్లు పక్కన పెట్టండి. మన రాజ్యాంగం 64వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి రాజ్యసభకు 'ఎక్స్ అఫిషియో' చైర్మన్, అంటే ఆ పదవిలో ఉన్నందువల్లే ఈ పదవీ దక్కుతుంది. అమెరికా ఉపాధ్యక్షులు కూడా అలాగే సెనేట్‌కు అధ్యక్షులు. ఇక్కడ 'సర్వ్స్ యాజ్' గౌరవంగా ఉంటుంది. పదవి ఒక్కరిదే అయినప్పుడు 'యాజ్' తర్వాత 'ఎ' పెట్టరు: 'సర్వ్స్ యాజ్ చైర్మన్'.

కొన్ని జంటలు చిన్న గీతతో ఒకే మాటగా స్థిరపడ్డాయి. సింగర్-సాంగ్‌రైటర్, యాక్టర్-డైరెక్టర్ అలాంటివే. 1985లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతూనే శిక్షణ బాధ్యత చేపట్టిన కెన్నీ డాల్‌గ్లిష్ 'ప్లేయర్-మేనేజర్'.

మన కార్యాలయాల్లో అదే పనిని 'కమ్' చేస్తుంది. డ్రైవర్ కమ్ అటెండర్, క్లర్క్ కమ్ టైపిస్ట్, సోఫా కమ్ బెడ్. ఇది మనం కల్పించుకున్న మాట కాదు. లాటిన్‌లో 'తో' అని అర్థం. మాంచెస్టర్‌లో చోర్ల్‌టన్-కమ్-హార్డీ అనే పేటే ఉంది. బ్రిటన్‌లో ఇప్పటికీ అక్కడక్కడ రాస్తారు. అయితే అమెరికాలో అదే వర్ణక్రమం గల మాట అసభ్యమైన అర్థంలో బాగా వాడుకలో ఉంది. మన కార్యాలయాల్లో మీ ఇష్టం, అమెరికాకు పంపే రెజ్యూమెలో మాత్రం దాన్ని తీసేసి 'అండ్' పెట్టండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చదివేవారిని బట్టి మాట ఎంచుకోవడమే.

'అండ్' పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. "కార్యదర్శి, కోశాధికారి వచ్చారు." వచ్చింది ఒకరా, ఇద్దరా? మన 'వచ్చారు' గౌరవానికీ సరిపోతుంది, బహువచనానికీ సరిపోతుంది, కాబట్టి తెలియదు. ఇంగ్లిష్‌లో ఆ సంగతి 'ది' తేల్చేస్తుంది. 'ది సెక్రటరీ అండ్ ట్రెజరర్ హ్యాజ్ కమ్' అంటే రెండు పదవులూ ఒక్కరివే. 'ది సెక్రటరీ అండ్ ది ట్రెజరర్ హ్యావ్ కమ్' అంటే ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు వేయాలి. 'ది' ఎన్నిసార్లు వచ్చిందో చూసి క్రియను ఎంచుకోండి.

చివరగా నాకు చాలా ఇష్టమైన తెలుగు వాక్యం: "అమ్మా నాన్నా తానే అయి పిల్లలను పెంచింది." నేర్చుకున్న ఉత్సాహంలో దీనికి 'షి డబుల్డ్ యాజ్ ఎ ఫాదర్' అని రాయకండి. వ్యాకరణం సరిపోతుంది, మనసు సరిపోదు. సోఫాకు వాడిన క్రియ ఆ తల్లికి తగదు. పైగా అది ఒక పాత్రను అసలుగా, మరోదాన్ని అదనంగా చూపిస్తుంది, ఆమె ఆ తేడా చూపకుండానే పెంచింది. 'షి వజ్ బోత్ మదర్ అండ్ ఫాదర్ టు హర్ చిల్డ్రన్.' రెండు పాత్రలనూ సమానంగా నిలపాలంటే 'బోత్' ఉంది. ఇలా జంటగా వచ్చినప్పుడు 'మదర్' ముందు, 'ఫాదర్' ముందు 'ఎ' కూడా అక్కర్లేదు.

ఇక అభ్యాసం. ఈ అయిదింటినీ ఇంగ్లిష్‌లో రాయండి. ప్రతిదాని పక్కన ఏ పాత్ర అసలుదో, ఏది అదనమో, లేక రెండూ సమానమో తెలుగులో ఒక్క మాట రాసుకోండి. ఎన్నికల రోజున మా బడి పోలింగ్ కేంద్రం కూడా అవుతుంది. పాత సినిమా హాలును కల్యాణ మండపంగా మార్చేశారు. అతను జట్టుకు కెప్టెన్, వికెట్ కీపర్ కూడా. మా తాతయ్య వైద్యుడిలా మాట్లాడేవారు. సంఘం అధ్యక్షుడు, సంపాదకుడు వచ్చారు.

అయిదోదానికి రెండు జవాబులు ఉన్నాయి, రెండూ రాయండి. వచ్చే పాఠంలో వాటిని సరిచూసుకుని, 'ఇన్‌స్టెడ్ ఆఫ్' దగ్గరకు వెళ్దాం.