ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ (పీఎస్‌పీ): రియోవానెస్ కోటలో ఇరుక్కుపోయారా?

వంతులవారీగా యుద్ధాలు చేసే 1997 నాటి ఈ ప్లేస్టేషన్ ఆటనే 2007లో ‘ది వార్ ఆఫ్ ది లయన్స్’గా పీఎస్‌పీకి (సోనీ చేతి గేమింగ్ మెషీన్) తెచ్చారు. పాత గోతులు అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా లోతైనది మూడో అధ్యాయం చివర్లో ఉంది.

సమస్య: కోట లోపల మన హీరో రామ్జా ఒంటరిగా విగ్రాఫ్ అనే శత్రు యోధుడికి ఎదురుపడి నాలుగు దెబ్బలకే పడిపోతున్నాడు. బయటికెళ్ళి లెవెల్ పెంచుకుందామంటే మ్యాప్ రావట్లేదు.

కారణం: అక్కడ వరసగా మూడు యుద్ధాలు. గేటు దగ్గర గెలవగానే సేవ్ చేసుకోమంటుంది. పాత సేవ్ ఉన్న స్లాట్‌లోనే మళ్ళీ సేవ్ చేస్తే వెనక్కి దారి లేదు. అందరూ విగ్రాఫ్‌ని తిడతారు గానీ, ముంచేది ఆ సేవే.

పరిష్కారం: కోటకి ముందు చేసిన సేవ్ ఉంటే ఆలోచించకుండా దాన్నే లోడ్ చేయండి. రామ్జాకి కెమిస్ట్ జాబ్‌లో (జాబ్ అంటే పాత్రకి ఇచ్చే వృత్తి) ఆటో-పోషన్ అనే నైపుణ్యం నేర్పించండి. దెబ్బ తగిలితే తనే మందు తాగేస్తాడు. బ్రేవ్ (ధైర్యం పాయింట్లు) 70 ఉంటే నూటికి 70 సార్లు పనిచేస్తుంది. చిక్కేమిటంటే, సంచిలో ఉన్నవాటిలో నాసిరకం మందే ముందు తీస్తాడు. అందుకే మామూలు పోషన్లన్నీ అమ్మేసి, హై-పోషన్లో ఎక్స్-పోషన్లో మాత్రమే ఉంచుకోండి.

పాత సేవ్ లేదా? షాపు లేకపోయినా జాబ్, సామాన్లు మార్చుకోవచ్చు. రామ్జా స్క్వైర్ జాబ్ నైపుణ్యాల్లో టెయిల్‌విండ్ ఉంది. వాడిన ప్రతిసారీ స్పీడ్ ఒకటి పెరుగుతుంది. విగ్రాఫ్‌కి దూరంగా తిరుగుతూ దాన్నే వాడుతూ పోండి. అతని ఒక్క వంతుకి మీకు రెండు మూడు వంతులు వచ్చేదాకా కత్తి ఎత్తొద్దు. పిరికితనంలా కనిపిస్తుంది, కానీ పనిచేస్తుంది. అతను పడ్డాక బెలియాస్ అనే రాక్షసుడిగా మారతాడు. మీ మిగతా వాళ్ళు దిగేది అప్పుడే. అందరినీ ఒకేచోట గుంపుగా నిలబెట్టకండి.

సమస్య: తర్వాత కోట పైకప్పు మీద, మీ వంతు రాకముందే మీరు కాపాడాల్సిన రాఫా అనే అమ్మాయి చచ్చిపోతోంది, ఆట ఓవర్.

కారణం: ఆమె మీ అదుపులో ఉండదు. తనే శత్రువుల మీదికి ఉరుకుతుంది.

పరిష్కారం: స్పీడ్ ఎక్కువున్న వాళ్ళని దించండి, నింజా జాబ్ వాళ్ళైతే మేలు. శత్రువుల్లోని సీలియా, లెట్టీ అనే హంతకురాళ్ళలో ఒకరిని పడగొడితే యుద్ధం ముగుస్తుంది. అందుబాటులో ఉన్న ఒకరి మీదే అందరూ పడండి. ఒక్కోసారి అదృష్టం కూడా కలిసిరావాలి. ఓడితే మళ్ళీ లోడ్ చేయడమే.

సమస్య: మంత్రాలు వేసేటప్పుడు ఆట నత్తనడక నడుస్తోంది.

మీ మెషీన్ బాగానే ఉంది. ఈ వెర్షన్ తీరే అంత, సెట్టింగుల్లో మందు లేదు.

సమస్య: మంచి మాంత్రికుడు జట్టు వదిలేసి పోయాడు.

అతని ఫెయిత్ (భక్తి పాయింట్లు) మరీ పెరిగింది. యుద్ధంలో పెంచిన ప్రతి 4 పాయింట్లకీ ఒకటి శాశ్వతంగా ఉండిపోతుంది. 95కి చేరితే దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిపోతారు. అంతకుముందే యుద్ధం అయ్యాక వాళ్ళే హెచ్చరిస్తారు. అప్పుడే ఫెయిత్ తగ్గించండి.