నాయకత్వం పంచుకుందాం – 4వ పాఠం: తాళంచెవి ఎవరింట్లో ఉంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ వాడ సంఘం మీటింగులకు ఎప్పుడూ రాని ఐదుగురి ఇళ్లకు వెళ్లి, "ఎందుకు రావట్లేదు?" అని కాకుండా "ఇక్కడ మీకు ఇబ్బందిగా ఉన్నదేమిటి?" అని అడిగి రమ్మన్నాను. చేయనివాళ్లు ముందు అది చేసి రండి, ఇవాళ ఆ ఐదుగురితో అవసరం పడుతుంది.

ఇవాళ్టి సంగతి పని పంచడానికీ, నాయకత్వం పంచడానికీ ఉన్న తేడా. చాలా సంఘాలు బోల్తా పడేది ఇక్కడే. కుర్చీలు వేసేది ఒకరు, ఇంటింటికీ కబురు చెప్పేది ఇంకొకరు, ఫొటోలు తీసేది మరొకరు. చేతినిండా పని అందరికీ ఉంది. డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో, అధికారి దగ్గరికి ఎవరు వెళ్లాలో తేల్చేది మాత్రం ఎప్పుడూ ఆ ఇద్దరే.

ఒక కాగితం తీసుకుని ఈ ఏడూ రాయండి: మీటింగు తేదీ ఖాయం చేసేది, ఎజెండా రాసేది, అధికారులతో మాట్లాడేది, బ్యాంకు ఖాతాలో సంతకం పెట్టేది, వాట్సాప్ గ్రూపు అడ్మిన్, మినిట్స్ పుస్తకం (మీటింగులో అనుకున్నవి రాసిపెట్టేది) ఉండే ఇల్లు, హాలు తాళంచెవి ఉండే ఇల్లు. ఒక్కోదాని ఎదురుగా పేరు రాయండి. ఎన్నికల్లో ఎవరు గెలిచినా మీ సంఘం అసలు రూపం ఈ కాగితమే. నేను మొదటిసారి రాసినప్పుడు ఏడింటిలో ఐదింటి ఎదురుగా నా పేరే ఉంది. అప్పటిదాకా నా అంత ప్రజాస్వామ్యవాది లేడనుకుంటూ ఉన్నాను!

ఇప్పుడు రెండో కొలత. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా గీసి చూపించారు. కింది రెండు మెట్ల మీద భాగస్వామ్యమే లేదు, జనాన్ని మభ్యపెట్టి సర్దిచెప్పడమే. మధ్య మూడూ సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, ఒకరిద్దరికి కుర్చీ ఇచ్చి ఊరుకోబెట్టడం. ఈ మూడింటినీ ఆమె పైపై లాంఛనాలుగానే లెక్కకట్టారు. నిర్ణయంలో వాటా దొరికేది ఆరో మెట్టు నుంచే. మీరు కలిసి వచ్చిన ఐదుగురూ మీ సంఘంలో ఏ మెట్టు మీద ఉన్నారో కాగితం మీద గుర్తు పెట్టండి. మూడు, నాలుగు దాటితే గొప్పే.

పై మెట్టుకు ఎలా ఎక్కారో చూడాలంటే అమెరికాలోని బోస్టన్ నగరంలో డడ్లీ స్ట్రీట్ అనే పేట కథ చెప్పుకోవాలి. 1984లో అక్కడ మొదలైన సంఘానికి మొదట అనుకున్న బోర్డులో ఆ పేటలో ఉండేవాళ్లకు చోటు చాలా తక్కువ. నివాసులు సభలోనే నిలదీశారు. దాంతో బోర్డులో మెజారిటీ నివాసులదే అయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. నల్లజాతివారు, కేప్ వెర్డీ (ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా ఉన్న దీవుల దేశం) మూలాలవారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవారు), తెల్లవారు – ఈ నాలుగు వర్గాలకూ జనాభా లెక్క చూడకుండా సమానంగా సీట్లు కేటాయించారు. 1988కల్లా పేటలోని ఖాళీ స్థలాలను పరిహారమిచ్చి సేకరించే అధికారాన్ని కూడా నగరం నుంచి సాధించుకున్నారు.

సమానంగా ఎందుకు? జనాభా లెక్కన ఇస్తే చిన్న వర్గానికి ఒక్క సీటే దక్కవచ్చు. ఒక వర్గం నుంచి ఒక్కరే ఉంటే వాళ్ల నోటి మాటంతా ఆ వర్గం మాటగానే చెలామణి అవుతుంది. ఇద్దరు ముగ్గురుంటేనే వాళ్లలో వాళ్లకు కూడా తేడాలుంటాయని మిగతావాళ్లకు తెలిసొస్తుంది.

ఇక అసలు సాధన, మీటింగు నడపడం వేరేవాళ్లకు అప్పగించడం. ఒకావిడకు అప్పగిస్తున్నారనుకోండి. మొదటి నెల ఆవిడ మీ పక్కన కూర్చుని చూడాలి. రెండో నెల సగం సగం. మూడో నెల మొత్తం ఆవిడే. చిక్కంతా ఈ మూడో నెలలోనే. ఆవిడ ప్రశ్న వేస్తుంది, జవాబిచ్చేవాళ్లు మాత్రం మీ ముఖం చూసి చెబుతారు. అందుకే ముందు వరసలో కూర్చోకండి. వెనక్కి వెళ్లి మినిట్స్ రాయండి, తల దించుకుని రాస్తుంటే చూపు కలపడానికి ఎవరికీ వీలుండదు. "మీరేమంటారు?" అని నేరుగా మిమ్మల్నే అడిగితే, "ఇవాళ నడిపేది ఆవిడ కదా" అని ఊరుకోండి. సభ మూగబోతే మనసులో పది లెక్కపెట్టండి. నాకైతే ఏడు దాటేసరికి నాలుక దురద పెట్టేది.

వాడలో రెండు భాషలవాళ్లుంటే అనువాదాన్ని చివరి వరసలో గుసగుసలకు వదిలేయకండి. రెండు వాక్యాలకోసారి ఆగి, అందరికీ వినపడేలా చెప్పించండి. ఒక నెల ఒక భాషలో, మరుసటి నెల రెండో భాషలో మొదలుపెట్టండి. అనువాదం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో అప్పుడు రెండు వైపులవాళ్లకూ తెలుస్తుంది. మీటింగు సాగుతుంది, నిజమే. ఎజెండాలో రెండు అంశాలు తగ్గించుకోండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: ఏడింటిలో ఒకదాన్ని ఆ ఐదుగురిలో ఒకరికి మూడు నెలలకు అప్పగించండి. వాళ్లు సొంతంగా తేల్చగలిగేదేమిటి, అందరినీ అడగాల్సిందేమిటి, ఈ రెండూ మినిట్స్ పుస్తకంలో రాసి చదివి వినిపించండి. అప్పగించేది తాళంచెవి అయితే, రెండోది మీ దగ్గర పెట్టుకోకండి. అది ఇంకో ఇంట్లో ఉండాలి.