బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కులు, ప్యాడ్లు కొనే ముందు ఇవి చూడండి

80 స్పీడులో బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ వణికితే షెడ్డులో సాధారణంగా వినిపించే మాట ఒకటే: "డిస్క్ బెండ్ అయింది సార్, మార్చేయాలి." డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, దాన్ని రెండు వైపులా నొక్కి బండిని ఆపేవి ప్యాడ్లు. మార్చేస్తారు, బండి హాయిగా ఆగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే వణుకు. పాత డిస్కును పాడుచేసిన కారణం బండిలోనే ఉండిపోతే కొత్త డిస్కుకూ అదే గతి పడుతుంది.

స్టీరింగ్ వణుకు

వణుకు ఎక్కడ తెలుస్తోందో ముందు గమనించండి. స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలను అనుమానించాలి. సీటులోనో పెడల్‌లోనో మాత్రమే తెలుస్తుంటే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పి ఉండొచ్చు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఇంకా డ్రమ్ములే. బ్రేక్ వేయకపోయినా వణుకుతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూపించండి. సడన్ బ్రేక్ కొట్టినప్పుడు పెడల్ కాలి కింద టకటకలాడితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందని అర్థం, టెన్షన్ అక్కర్లేదు.

మామూలు వాడకంలో డిస్కు వేడికి నిజంగా వంగిపోవడం అరుదు. అది హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీద వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా, తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. పోనుపోను అక్కడ అరిగి, డిస్కు మందం ఒక్కో చోట ఒక్కోలా తయారవుతుంది. మిల్లీమీటరులో రెండు మూడు వందో వంతుల తేడా వచ్చినా చాలు, చేతికి తెలిసిపోతుంది.

వంకరగా కూర్చోవడానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి, హబ్ ముఖం మీద తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. రెండోది, పంక్చర్ షాపులో పొడవాటి రాడ్ మీద ఎక్కి నిలబడి నట్లు బిగించడం. ఒక నట్ విపరీతంగా, పక్కది వదులుగా ఉంటే డిస్కు మీద ఒత్తిడి సమానంగా పడదు.

డిస్కు తీయించినప్పుడు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్, ఎమరీతో మెరిసేదాకా శుభ్రం చేయించండి. డిస్కును మళ్లీ బిగించి డయల్ గేజ్ పెడితే వంకర ఎంతో తెలుస్తుంది. 0.1 మిల్లీమీటరు దాటితే చాలా కార్లకు అది ఎక్కువే. డిస్కును ఒక రంధ్రం పక్కకు తిప్పి బిగించి మళ్లీ కొలవండి, తరచుగా అంతటితోనే సర్దుకుంటుంది. గేజ్ లేదంటే పని తెలిసిన ఇంకో షెడ్డు చూసుకోవడం మేలు.

తరవాత మందం. మైక్రోమీటరుతో చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. మామూలు వర్నియర్ అంచున మిగిలిన గట్టు మీద కూర్చుని ఎక్కువ చూపిస్తుంది. కనీస మందం చాలా డిస్కుల మీదే ముద్రించి ఉంటుంది. 17 మిల్లీమీటర్ల డిస్కు మీద కనీసం 15 అని ఉండి, కొలత 16.5 వస్తే లేత్ మీద స్కిమ్మింగ్ (ముఖాన్ని సమంగా చెక్కడం) చేయించుకోవచ్చు. 15.3 వస్తే కొత్తవే కొనండి, లేత్ ఖర్చు దండగ.

లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటిది కొత్తదానిలా ఉంటే

పాత ప్యాడ్లను పారేయనివ్వకండి, నాలుగూ వరసగా పెట్టి చూడండి. లోపలిది రేకు దాకా వచ్చి బయటిది సగం కూడా అరగలేదంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) అటూ ఇటూ జారే స్లైడ్ పిన్ పట్టేసింది. పిన్‌ని చేత్తో లాగితే మెత్తగా జారాలి. సుత్తి అడుగుతోందంటే దొంగ దొరికినట్టే. రబ్బరు బూటు చిరిగి నీళ్లు దిగి ఉంటాయి. పిన్ను శుభ్రం చేసి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పెట్టి, బూటు మార్చాలి. అందుబాటులో ఉంది కదా అని చాసిస్ గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. బ్రేక్ వేస్తే బండి పక్కకు లాగడం, ఒక చక్రం మాత్రమే కాలిపోతుండడం కూడా చాలాసార్లు దీని లక్షణాలే. పిన్ బాగుంటే కాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్ చూడండి.

కీచు శబ్దం

ప్యాడ్ సరుకు 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే టైమ్. కొన్ని ప్యాడ్లకు ఉండే చిన్న రేకు ఆ దశలో డిస్కుకి తగిలి కీచుమంటుంది. వాన పడ్డ మర్నాడు పొద్దున రెండు మూడు బ్రేకులకు మాత్రమే వచ్చే శబ్దం పైతుప్పుది, దానంతటదే పోతుంది. కొత్త ప్యాడ్లు కూడా అరుస్తుంటే షిమ్ములు (ప్యాడ్ వెనక పెట్టే పల్చటి రేకులు), క్లిప్పులు తిరిగి వేయలేదేమో అడగండి. గరగరమంటే ఇనుము ఇనుముకి తగులుతోంది, బండి ఆపేయండి.

ఘాట్ దిగేసరికి కాలిన వాసన, బ్రేక్ పట్టకపోవడం

తిరుమల నుంచి కిందికి దిగే పాత ఘాట్ రోడ్డులోనో, శ్రీశైలం ఘాట్‌లోనో అదే పనిగా బ్రేక్ మీద కాలుంచి దిగితే ప్యాడ్ ముఖం అద్దంలా నున్నబడి పట్టు తప్పుతుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ల సమస్య. పెడల్ మెత్తగా లోపలికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగింది. ఆ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. రెండో గేరులో దిగడం అన్నిటికంటే చవకైన పరిష్కారం.

ఏం కొనాలి

డిస్కు వ్యాసం, మందం, ఎత్తు, నట్ల రంధ్రాలు అన్నీ కుదరాలి. ఒకే మోడల్‌లో వేరియంట్ మారితే ఇవీ మారతాయి, కాబట్టి ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోండి. రంధ్రాలు, గీతలు ఉన్న డిస్కులు రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి అనవసరం, నా ఉద్దేశంలో అది సోకు మాత్రమే. ప్యాడ్లలో ఆర్గానిక్ రకం మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది. సెమీ మెటాలిక్ వేడికి నిలుస్తుంది కానీ శబ్దం, డిస్కు అరుగుదల ఎక్కువ. సెరామిక్‌తో దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. సిటీ ట్రాఫిక్‌కి కంపెనీ ఇచ్చిన రకమే చాలు.

కొన్ని ప్యాడ్ల అంచు మీద కోడ్ చివర ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని అర్థం, ఘాట్లు తిరిగేవాళ్లు వద్దనుకోవాలి.

ఒక్క వైపే మార్చకండి. ఎడమ, కుడి రెండూ కలిపి మార్చాలి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో కడిగాకే బిగించాలి. నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించమనండి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, లేకపోతే మొదటి బ్రేక్ ఖాళీగా పోతుంది. ఆ తరవాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి దించే మోస్తరు బ్రేకులు ఓ పది వేయండి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు తప్పించుకోండి.