జీనోమ్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేసవి కోర్సుకి వెళ్తున్నారా, ముందు ఇవి చేతితో చేసి చూడండి

జీనోమ్ సీక్వెన్స్ అయిపోయి అసెంబ్లీ ఫైలు, అంటే చిన్న ముక్కల్ని అతికించి కట్టిన జీనోమ్, చేతికొచ్చాక చాలా ల్యాబుల్లో అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే దాన్ని నలుగురూ వెతుక్కునేలా, చూసుకునేలా పెట్టడం ఎవరూ నేర్పరు. ఆ లోటు తీర్చడానికే జీమోడ్ వాళ్ళు వేసవి కోర్సులు మొదలుపెట్టారు, అమెరికాలో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో నెసెంట్ అనే పరిశోధన కేంద్రంలో కొన్నేళ్ళు నడిపారు. జీమోడ్ అంటే ఈగ, పురుగు, ఈస్ట్ లాంటి, పరిశోధనలకి అందరూ వాడే మోడల్ జీవుల డేటాబేస్‌లు నడిపేవాళ్ళు ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళే రాసుకోవడం ఎందుకని కలిసి కట్టుకున్న ఓపెన్ సోర్స్ టూల్స్ సంచి. ఇలాంటి కోర్సు మీరు ఎక్కడ చేసినా, ఒక్కరే ఇంట్లో కూర్చుని నేర్చుకున్నా, దాదాపు ఇదే వరస ఉంటుంది: మేకర్‌తో జీన్‌లు గుర్తించడం, అపోలోలో సరిదిద్దడం, ఛాడోలో దాచడం, జేబ్రౌజ్‌లో చూపించడం, ట్రైపల్‌తో వెబ్‌సైట్ కట్టడం.

నా మాట ఒక్కటే, బ్రౌజర్‌లో రంగురంగుల బొమ్మ చూడాలని తొందరపడకండి. ముందు ఫైళ్ళు కుదరాలి, కోర్సులో సగం టైమ్ పోయేది అక్కడే.

మొదట లైనక్స్ కమాండ్ లైన్ చేతికి అలవాటు చేసుకోండి. ఫోల్డర్లు మారడం, పెద్ద ఫైల్‌ని మొత్తం తెరవకుండా పైన నాలుగు లైన్లు చూడటం, గ్రెప్‌తో వెతకడం, పర్మిషన్లు మార్చడం, ఇంతే. పెర్ల్, పైథాన్ రాకపోయినా కోర్సు నడుస్తుంది కానీ ఇవి రాకపోతే పక్కవాళ్ళని చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

ప్రాక్టీస్‌కి ఈస్ట్ జీనోమ్ తీసుకోండి. 16 క్రోమోజోములు, సుమారు 1.2 కోట్ల బేసులు, 6 వేల దాకా జీన్‌లు, మామూలు లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది, 1996 నుంచీ అందరూ చూస్తున్న జీనోమ్ కాబట్టి మీ స్క్రీన్ మీద వచ్చింది కరెక్టో కాదో పోల్చుకోడానికి బోలెడు చోట్లున్నాయి. మీ సొంత జీవి డేటా కూడా పట్టుకెళ్ళండి, కానీ మొత్తం కాదు, ఒక్క స్కాఫోల్డ్, అంటే అతికించిన ఒక పెద్ద ముక్క, చాలు.

ఇప్పుడు అసలు సంగతి, జీఎఫ్‌ఎఫ్3 ఫైలు, ఏ జీన్ ఏ క్రోమోజోమ్‌లో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండేది. టాబ్‌లతో విడదీసిన 9 కాలమ్‌లు ఉంటాయి, స్పేస్‌లు కాదు టాబ్‌లే, ఎడిటర్‌లో కాపీ పేస్ట్ చేసినప్పుడు టాబ్ కాస్తా స్పేస్ అయిపోయిందంటే ఫైల్ పాడైనట్టే. మొదటి కాలమ్‌లో ఉన్న క్రోమోజోమ్ పేరు సీక్వెన్స్ అక్షరాలుండే మీ ఫాస్టా ఫైల్‌లో పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒకే ఈస్ట్ ఒకటో క్రోమోజోమ్‌ని ఎస్‌జీడీ అనే ఈస్ట్ డేటాబేస్‌లో ఒక పేరుతో, ఎన్సెంబుల్ అనే జీనోమ్ సైట్‌లో రోమన్ అంకెతో, ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ డేటా కేంద్రంలో యాక్సెషన్ నంబర్‌తో, అంటే రికార్డు నంబర్‌తో, పిలుస్తారు, కాబట్టి సీక్వెన్స్ ఒక చోట జీన్‌లు ఇంకో చోట డౌన్‌లోడ్ చేస్తే ట్రాక్, అంటే బ్రౌజర్‌లో జీన్‌లు కనపడే వరస, ఖాళీగా కనిపిస్తుంది, ఎర్రర్ మాత్రం సరిగ్గా రాదు, అప్పుడు గంటలకొద్దీ సర్వర్‌ని అనుమానిస్తాం. ట్రాక్ ఖాళీగా ఉంటే ముందు పేర్లే చూడండి. ఇంకోటి, ఎస్‌జీడీ ఇచ్చే జీఎఫ్‌ఎఫ్ చివర్లో మొత్తం సీక్వెన్స్ కూడా అంటించి ఉంటుంది, సార్ట్ చేసేముందు దాన్ని కత్తిరించి పక్కన పెట్టాలి.

చివరి కాలమ్‌లో ఐడీ, పేరెంట్ అని ఉంటాయి. జీన్ కింద ఎంఆర్‌ఎన్‌ఏ, దాని కింద ఎక్సాన్‌లు (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు), సీడీఎస్‌లు (ప్రొటీన్‌గా మారే భాగాలు), ఈ చుట్టరికం అంతా ఆ రెండు మాటల మీదే నిలబడుతుంది. ఒక పేరెంట్ తప్పయితే ఆ జీన్ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

మేకర్‌కి వచ్చేసరికి, దానితోపాటు వచ్చే చిన్న ఉదాహరణ డేటా ముందు నడపండి. మొదట అది కంట్రోల్ ఫైళ్ళు తయారుచేసిస్తుంది, వాటిలో మీ జీనోమ్, ట్రాన్‌స్క్రిప్ట్‌లు (జీన్‌ల ఆర్‌ఎన్‌ఏ కాపీలు), దగ్గరి జీవుల ప్రొటీన్‌లు ఎక్కడున్నాయో రాయాలి. ఆ తర్వాత వచ్చిన జీన్ మోడల్స్‌తో జీన్‌లు ఎక్కడున్నాయో ఊహించే స్నాప్ అనే ప్రోగ్రామ్‌ని ట్రెయిన్ చేసి మళ్ళీ నడపడం, ఒక్కసారికే వదిలెయ్యకండి. ప్రతి మోడల్‌కీ ఏఈడీ అని 0 నుంచి 1 దాకా స్కోర్ ఇస్తుంది, 0కి దగ్గరగా ఉంటే ఆధారాలతో బాగా కలిసిందని, 1 అంటే ఆధారమే లేదని. అపోలో తెరిచినప్పుడు ముందు స్కోర్ బాగోలేనివే చూడండి, మనిషి కన్ను అవసరమయ్యేది వాటికే.

ఛాడో అంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద కట్టిన స్కీమా, అంటే టేబుల్స్ అమరిక, ఈగల డేటాబేస్ ఫ్లైబేస్‌లో పుట్టింది. టేబుల్స్ లిస్ట్ చూస్తే కళ్ళు తిరుగుతాయి గానీ మొదట నాలుగు పట్టుకుంటే చాలు: ఫీచర్, ఫీచర్‌లాక్, ఫీచర్ రిలేషన్‌షిప్, సీవీటర్మ్. జీన్ అన్నా ఎక్సాన్ అన్నా అన్నీ ఫీచర్ టేబుల్‌లోనే వరసలు, ఏది ఏ రకమో చెప్పేది సీవీటర్మ్, అందుకే ఆ రకాల పేర్ల జాబితా అయిన సీక్వెన్స్ ఆంటాలజీ ముందు లోడ్ చెయ్యకపోతే మీ జీఎఫ్‌ఎఫ్ లోడ్ కాదు. ఇక్కడ కోఆర్డినేట్లు జాగ్రత్త. జీఎఫ్‌ఎఫ్‌లో 1000 నుంచి 1200 అని ఉన్నది ఛాడోలో 999, 1200గా కూర్చుంటుంది, ఎందుకంటే ఇది బేసుల్ని కాకుండా వాటి మధ్య సందుల్ని లెక్కపెడుతుంది. పొడవు కావాలంటే నేరుగా తీసివేస్తే 201 వస్తుంది, ఒకటి కలపక్కర్లేదు. సొంతంగా ఎస్‌క్యూఎల్ రాసేవాళ్ళు ఇది మర్చిపోతే ప్రతి సీక్వెన్సూ మొదట్లో ఒక బేస్ తేడాగా వస్తుంది, సీడీఎస్ అయితే ప్రొటీనే మారిపోతుంది.

జేబ్రౌజ్ ఆఖర్న. ఫాస్టాకి సామ్‌టూల్స్‌తో ఇండెక్స్, జీఎఫ్‌ఎఫ్‌ని క్రోమోజోమ్, స్టార్ట్ వరసలో సార్ట్ చేసి, బీజిప్‌తో కుదించి, టాబిక్స్‌తో ఇండెక్స్. మామూలు జీజిప్ వాడితే టాబిక్స్ ఒప్పుకోదు. జీన్ పేరుతో వెతకాలంటే టెక్స్ట్ ఇండెక్స్ విడిగా కట్టాలి, అది మర్చిపోయి సెర్చ్ పనిచెయ్యట్లేదనుకునేవాళ్ళు చాలామంది. మీ వెబ్ సర్వర్ ఫైల్‌లో కావాల్సిన ముక్క మాత్రమే పంపగలగాలి, లేకపోతే పెద్ద ఫైళ్ళు తెరుచుకోవు.

ట్రైపల్‌కి, వెబ్‌సైట్లు కట్టే ద్రూపల్ అనే సాఫ్ట్‌వేర్ తెలిసుంటే తేలిక, తెలియకపోతే దాన్ని కోర్సు అయ్యాక నిదానంగా చేసుకోండి.

కోర్సు నడిచేటప్పుడు కొట్టిన ప్రతి కమాండ్, ఏ టూల్ ఏ వెర్షనో ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోండి. అక్కడిచ్చే మెషిన్ క్లౌడ్‌లో ఉంటే కోర్సు అయిపోయాక తీసేస్తారు, కాబట్టి చివరి రోజు సాయంత్రం దాకా ఆగకుండా కంట్రోల్ ఫైళ్ళు, జేబ్రౌజ్ కాన్ఫిగ్, పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) మీ దగ్గరికి కాపీ చేసుకుని, ఆ డంప్‌ని మీ లాప్‌టాప్‌లో ఒకసారి రీస్టోర్ చేసి చూసుకోండి.